కాఫీ కెటిల్లో కొండ దాటిన చేపలు

సంపాదకులు గారికి నమస్కారం.

మొన్నామధ్య మీ ఆదివారం అనుబంధంలో ప్రవాసుల కాలక్షేపాల మీద ఒక వ్యాసం వచ్చింది. వందల మైళ్లు కారు నడుపుకుంటూ పోయి, చేపను పట్టి, ఫొటో తీసుకుని, మళ్లీ నీళ్లలో వదిలేసి వచ్చే బాపతు గురించి అందులో ఓ పేరా ఉంది. ఆ బాపతులో నేనూ ఉన్నాను. రాసినవారి మీద నాకేం కోపం లేదండీ, ఎందుకంటే మా అమ్మ ఫోన్లో అంతకంటే ఘాటుగానే పెట్టింది. "ఒరేయ్, వండుకోని చేప కోసం ఏడు గంటలు కారు నడిపావా? పాపం దాని మూతికి గాలం గుచ్చడం దేనికి, ఒడ్డున కూచుని చూసొస్తే పోయేదిగా" అంది. ఆరోజు అమ్మకి సరైన జవాబు చెప్పలేకపోయాను. ఆ జవాబేదో మీకు రాస్తే అమ్మ ఎలాగూ చదువుతుంది. పొద్దున్నే కాఫీ గ్లాసు పక్కన పెట్టుకుని మీ పేపర్ని మొదటి పేజీ నుంచి చివరి ప్రకటన దాకా వదలని మనిషి ఆవిడ.

ముందు ఒకటి ఒప్పేసుకుంటాను. పట్టి వదిలేస్తున్నాం కాబట్టి ఇదేదో అహింస అని మాలో కొందరు చెప్పుకుంటారు, అది అబద్ధం. గాలం గాలమే. నేను ఇక్కడ మొదలుపెట్టిన ఏడాది, జూలై నెల, మిట్టమధ్యాహ్నం, ట్రకీ నదిలో ఒక రెయిన్‌బో ట్రౌట్ పడింది. ట్రౌట్ అంటే చల్లటి నీళ్లలో బతికే చేప, ఇది మూరెడు ఉంది. పొడి చేతుల్తో పట్టుకున్నాను, ఫొటో బాగా రాలేదని మళ్లీ తీయించుకున్నాను, కళ్లజోడు తీసి ఇంకోటి తీయించుకున్నాను. వదిలితే నాలుగడుగులు పోయి పక్కకి ఒరిగింది, తెల్లటి పొట్ట పైకి తేలింది. పరుగెత్తి వెళ్లి, తల ప్రవాహానికి ఎదురుగా ఉండేలా రెండు చేతుల మధ్య పట్టుకుని పావుగంట నిలబడ్డాను, మొప్పలు ఒకటి రెండుసార్లు ఆడాయి, అంతే. దాన్ని అక్కడే వదిలేసి వచ్చాను, తినడానికి మనసు రాలేదు. తిన్నా బాగుండేదేమో, కనీసం ఏదో ఒకదానికి పనికొచ్చేది.

ఆ తర్వాతే తెలుసుకున్నాను. ట్రౌట్ ఒంటి మీద పల్చటి జిగురు పొర ఉంటుంది, పొడి చేతులు తగిలితే అది ఊడి వచ్చేస్తుంది, తర్వాత బూజు పడుతుంది. నీళ్లు 20 డిగ్రీలు దాటాయంటే అసలు గాలమే వెయ్యకూడదు, ఎందుకంటే వెచ్చటి నీళ్లలో ఆక్సిజన్ తక్కువ, పెనుగులాడి అలిసిపోయిన చేపకి మళ్లీ ఊపిరి అందదు. గాలం మొన దగ్గర వెనక్కి తిరిగి చిన్న ముల్లు ఉంటుంది చూడండి, దాన్ని పటకారుతో నొక్కేయాలి. వానపాము గుచ్చి వేస్తే చేప కడుపులోకి మింగేస్తుంది, అప్పుడు వదిలినా ఒకటే వదలకపోయినా ఒకటే, అందుకని ఈకలు, దారం చుట్టి పురుగులా కనిపించేలా చేసిన గాలాలు వాడతారు, అవి పెదవికే తగులుతాయి. ఇవన్నీ చేసినా కొన్ని చస్తాయి. ఒక్కటీ చావదని ఎవరైనా అంటే నమ్మకండి.

మరైతే ఎందుకు చేస్తున్నట్టు?

మీ వ్యాసంలో జారిపోయిన ముక్క ఇక్కడే ఉంది. ఈ వ్యవహారంలో ముఖ్యమైనది 'పట్టి వదిలేయడం' కాదు, 'ఎక్కడ పట్టాం' అన్నది. కాలిఫోర్నియా చేపలు, వన్యప్రాణుల శాఖ 'హెరిటేజ్ ట్రౌట్ ఛాలెంజ్' అని ఒకటి నడుపుతోంది. ఈ రాష్ట్రంలో పుట్టి పెరిగిన ట్రౌట్ రకాల్లో ఆరింటిని పట్టాలి, ఫొటోలు పంపాలి. పంపితే చేపల బొమ్మలు వేసిన ఒక సర్టిఫికెట్ ఇస్తారు. డబ్బూ లేదు, కప్పూ లేదు. కాకపోతే ఒక మెలిక ఉంది. ఒక్కో చేపనీ అది పూర్వం నుంచి బతికిన నది పరివాహకంలోనే పట్టాలి. అదే చేప పక్క లోయలో దొరికితే చెల్లదు. వయోమింగ్‌లో 1996 నుంచి ఇలాంటిదే కట్-స్లామ్ అని ఉంది, అక్కడ నాలుగు రకాల కట్‌త్రోట్ ట్రౌట్ పట్టాలి. యూటాలో 2016లో మొదలైంది, దానికి 20 డాలర్లు కడితే అందులో 19 డాలర్లు ఆ చేపల వాగులు బాగుచేయడానికే పోతాయి. కట్‌త్రోట్ అంటే దవడ కింద కత్తితో గీసినట్టు ఎర్రటి చార ఉన్న ట్రౌట్, పేరు కూడా అందుకే వచ్చింది.

ఈ మెలిక నాకు ఎలా తెలిసొచ్చిందో చెబుతాను. నేనుండేది శాక్రమెంటో పక్కన ఫోల్సమ్‌లో. ఆగస్టులో ఒక శుక్రవారం తెల్లారకముందే బయల్దేరి, కొండలు దాటి 395 హైవే పట్టుకుని దక్షిణంగా లోన్‌పైన్ అనే ఊరు చేరాను. అక్కడి నుంచి మెలికలు తిరిగిన ఘాట్ రోడ్డులో పైకి పోతే హార్స్‌షూ మెడో వస్తుంది, దాదాపు 10,000 అడుగుల ఎత్తు. గాలి పల్చగా ఉండి బ్యాగు భుజానికెత్తుకోగానే ఆయాసం వస్తుంది. ఎలుగుబంట్ల భయానికి తిండి అంతా గట్టి డబ్బాల్లో బిగించి పెట్టుకోవాలి, మా ఆవిడ కట్టిచ్చిన పులిహోర పొట్లం కూడా. నాతో మా ఆఫీసులో పనిచేసి రిటైరైన ఒక పెద్దాయన వచ్చాడు, ఆయన చిన్నప్పటి నుంచీ ఈ కొండల్లో గాలం వేస్తూ పెరిగిన మనిషి.

మేం వచ్చింది గోల్డెన్ ట్రౌట్ కోసం. 1947 నుంచి కాలిఫోర్నియా రాష్ట్ర చేప అదే, మన తెలంగాణకి కొరమీను ఉన్నట్టు. దిగీ దిగగానే కాటన్‌వుడ్ క్రీక్ వైపు పోయి గాలం వేశాను, పావుగంటలో చేప పడింది. పొట్ట బంగారం రంగు, నడుం మీద ఎర్ర చార, అబ్బ అనుకున్నాను. పెద్దాయన నవ్వి, "చేప మంచిదే, కానీ ఇది లెక్కలోకి రాదు. ఇది దాని సొంత ఏరు కాదు" అన్నాడు.

ఇదేం లెక్కరా బాబూ అనిపించింది. చేప అదే, రంగు అదే, పేరు కూడా అదేనాయె.

అప్పుడు చెప్పాడు ఆ కథ. గోల్డెన్ ట్రౌట్ పుట్టిల్లు కెర్న్ నది ఎగువన, దక్షిణ పాయలోను గోల్డెన్ ట్రౌట్ క్రీక్‌లోను. కాటన్‌వుడ్ క్రీక్ ఆ నదిలో కలవదు, కొండకి ఇటువైపు ఓవెన్స్ లోయలోకి దిగిపోతుంది, మంచు యుగాల నుంచీ అందులో చేపన్నదే లేదు. 1876లో కల్నల్ షెర్మన్ స్టీవెన్స్ అనే ఆయనకి ఈ వాగు మీద రంపపు మిల్లు ఉండేది. కొండకి అవతల ఉన్న మల్కీ క్రీక్ నుంచి డజను చేపల్ని కాఫీ కెటిల్లో వేసుకుని కనుమ దాటించి, తన మిల్లు దగ్గర ఈ వాగులో వదిలాడు. భోజనంలోకి పనికొస్తాయని. ఆ డజను సంతానమే నా చేతిలో ఉన్న చేప. ఆ సంతానం అక్కడితో ఆగలేదు. పైనున్న కాటన్‌వుడ్ సరస్సుల్లో వేశారు, ఆ సరస్సుల్లోంచి గుడ్లు తీసి దశాబ్దాలపాటు సియెర్రా కొండల్లో ఎక్కడెక్కడో సరస్సుల్లో కుమ్మరించారు, విమానాల్లోంచి కూడా పోశారు. తీరా జన్యుపరీక్షలు వచ్చాక చూస్తే ఆ విత్తనపు చేపల్లోనే రెయిన్‌బో ట్రౌట్ రక్తం కలిసిపోయి ఉంది. అంటే అచ్చమైన గోల్డెన్ అనుకుని ఏళ్లతరబడి పంచిపెట్టింది కల్తీ సరుకు. పంచినవాళ్లకి ఆ సంగతి తెలీదు, వాళ్ల తప్పని అనలేం.

మర్నాడు పొద్దున మల్కీ కనుమ ఎక్కి అవతలికి దిగాం. ఎక్కాల్సింది నాలుగైదు వందల అడుగులే, అయినా ఆ ఎత్తులో నాకు గుండె గొంతులోకి వచ్చింది. దిగాక గడ్డి మైదానం, దాని మధ్యలో వాగు. వాగంటే పెద్దగా ఊహించుకోకండి, మా లంకలో కొబ్బరి తోటలకి నీళ్లు పెట్టే బోదె ఉంటుంది చూశారా, అంతే, కొన్నిచోట్ల ఒక్క అంగలో దాటేయొచ్చు. ఒడ్డుకి దగ్గరగా నిలబడితే నీడ పడి చేపలన్నీ బెదిరిపోతాయి, అందుకని గడ్డిలో మోకాళ్ల మీద పాకుతూ పోవాలి. నలభై ఏడు ఏళ్ల వయసులో, జీన్స్ ప్యాంటు మోకాళ్ల దాకా తడుపుకుని, దోమలు కుడుతుంటే పాకుతున్నాను. మా పిల్లలు చూడలేదు కాబట్టి సరిపోయింది.

పడిన చేప జానెడు కూడా లేదు. ఈసారి ముందే చేతులు నీళ్లలో ముంచాను. చేపని నీళ్లలోంచి ఎత్తలేదు, అరచేతిని దాని కింద పెట్టి అలా చూశానంతే. వీపు మీద ఆలివ్ పచ్చ, కింద పసుపు ముద్ద పూసినట్టు బంగారం, పొట్ట మీద పారాణి ఎరుపు, పక్కన వరసగా పది దాకా బూడిద రంగు మచ్చలు. మామూలు ట్రౌట్లకి ఆ మచ్చలు పిల్లగా ఉన్నప్పుడు ఉండి పెద్దయ్యాక పోతాయి, వీటికి చివరిదాకా పోవు. మూతి దగ్గర గాలాన్ని వేలితో అలా తిప్పగానే ఊడింది. చేప వెంటనే పోలేదు, రెండు క్షణాలు నా వేళ్ల మధ్యే ఉండి మొప్పలాడించి, ఆ తర్వాత గట్టు కింద చీకట్లోకి జారుకుంది. ముందురోజు పట్టిన దానికీ దీనికీ చూపుల్లో తేడా ఏముంది అంటే నేను చెప్పలేను. కానీ ఇది మంచు కరిగి ఈ వాగు పుట్టినప్పటి నుంచీ ఇక్కడే ఉన్న కుటుంబం.

ఇప్పుడు ఈ మాట మన వాళ్లకి అర్థం కాదని ఎవరైనా అంటే నేనొప్పుకోను. చేప ఒకటే అయినా నీరు మారితే చేప మారిపోతుందని ప్రపంచంలో అందరికంటే గట్టిగా నమ్మేది గోదావరి జిల్లాల వాళ్లమే కదండీ. సముద్రంలో ఉన్నంతసేపూ ఇలస, వరదనీరు తగిలి గోదారి ఎదురీదితే పులస. ఒడిశా నుంచో బెంగాల్ నుంచో ఐసు పెట్టెల్లో వచ్చినదాన్ని పులస అని అంటగడితే, ముక్క నోట్లో పెట్టగానే మా మేనమామ కంచం పక్కకి నెట్టేసేవాడు. పుస్తెలమ్మైనా పులస తినాలంటారే గానీ, పుస్తెలమ్మి బెంగాల్ ఇలస తినమని ఎవరూ అనలేదు. మరి నీళ్ల మీద అంత పట్టింపు ఉన్న మనకి, సొంత ఏట్లో చేపనే లెక్కపెడతామన్న పందెం వింతగా ఎందుకు కనపడాలి? తేడా ఒక్కటే, మనం చింతపండు పులుసులో బెండకాయలు వేసి తేలుస్తాం, వీళ్లు ఫొటోతో సరిపెట్టుకుంటారు. పులసని మాత్రం పట్టి వదలమని నేనెప్పుడూ అనను. అది వల్లోంచి పైకి తీసిన కాసేపట్లోనే చచ్చిపోయే చేప, అంత సున్నితం. దాన్ని కాపాడాలంటే వేరే దారులు చూడాలి, ధవళేశ్వరం దగ్గర ఆగిపోతున్న దాని దారి గురించి మాట్లాడాలి.

ఆనకట్ట మాట వచ్చింది కాబట్టి టాహో సంగతి చెప్పాలి. శాన్‌ఫ్రాన్సిస్కో చుట్టుపక్కల, అదే బే ఏరియా, తెలుగువాళ్లలో లేక్ టాహోకి వెళ్లి ఫొటో దిగనివాళ్లు ఉండరు. ఆ సరస్సులో పడవెక్కి పట్టే చేపల్లో పేరున్నది లేక్ ట్రౌట్, అది అక్కడిది కాదు, తెచ్చి వేసింది. అక్కడి సొంత చేప లహొంటన్ కట్‌త్రోట్. దాన్ని విపరీతంగా పట్టి రైళ్లలో పట్నాలకి పంపారు, పైగా తెచ్చి వేసిన చేపలు తినేశాయి, 1939 కల్లా టాహోలో అది లేదు. టాహో నుంచి బయటికి పోయే ట్రకీ నది నెవాడా ఎడారిలో పిరమిడ్ లేక్‌లో కలుస్తుంది, అక్కడితో ఆఖరు, సముద్రానికి పోదు. ఆ సరస్సు అక్కడి ఆదివాసులైన పైయూట్ తెగవాళ్లది. వాళ్ల తాతముత్తాతల నుంచీ ఆ చేపే తిండి. 1905లో నదికి అడ్డంగా డెర్బీ డ్యామ్ కట్టి నీళ్లు పొలాలకి మళ్లించారు. చేప గుడ్లు పెట్టడానికి ఎగువకి పోలేకపోయింది, సరస్సు మట్టం దిగిపోతూ వచ్చింది. 1925లో జాన్ స్కిమ్మర్‌హార్న్ అనే పైయూట్ మనిషి ఆ సరస్సులో పట్టిన చేప 41 పౌండ్లు, అంటే 18 కిలోల పైమాటే, ఆ రకంలో ఇప్పటికీ ప్రపంచ రికార్డు అదే. 1940లు వచ్చేసరికి ఆ సరస్సులో ఒక్కటి కూడా మిగల్లేదు.

అక్కడితో కథ అయిపోయిందనే అనుకున్నారు. 1970ల్లో యూటా సరిహద్దులో పైలట్ పీక్ అనే కొండ మీద ఒక చిన్న వాగులో కట్‌త్రోట్లు కనపడ్డాయి. ఆ వాగులో అవి ఉండాల్సిన పనే లేదు. ఎప్పుడో ఎవడో మహానుభావుడు తెచ్చి వేశాడు. మ్యూజియాల్లో దాచిన పాత పిరమిడ్ లేక్ చేపలతో డీఎన్ఏ పోల్చి చూస్తే సరిగ్గా అదే వంశం. వాటి గుడ్లు తెచ్చి హేచరీలో పెంచి, 2006 నుంచి పిరమిడ్ లేక్‌లో వదులుతున్నారు. 2014లో అవి ట్రకీ నదిలోకి ఎదురీది గుడ్లు పెట్టాయి, 76 ఏళ్ల తర్వాత. 2020లో డెర్బీ డ్యామ్ దగ్గర చేపలు కాలవలోకి కొట్టుకుపోకుండా తెర కూడా కట్టారు. ఇప్పుడు అక్కడ చలికాలంలో ఒడ్డు పక్క నీళ్లలో నిచ్చెనలు వేసుకుని, వాటిపైన నిలబడి గాలం వేస్తారు, పర్మిట్ తెగవాళ్ల దగ్గర కొనుక్కోవాలి. చూస్తే తాటిచెట్టెక్కి కూచున్నట్టు నవ్వొస్తుంది గానీ ఆ చలిలో నేను అరగంట కూడా ఆగలేకపోయాను.

చూశారా, కాఫీ కెటిల్ని తిట్టాననుకునేలోపు ఇంకెవరిదో బకెట్టు వచ్చి కాపాడింది. పైయూట్ కట్‌త్రోట్ అని ఇంకో రకం ఉంది, ట్రౌట్లలో బహుశా అన్నిటికంటే అరుదైనది, సిల్వర్ కింగ్ క్రీక్ అనే ఒక్క వాగులో కొన్ని మైళ్ల మేర తప్ప భూమ్మీద ఇంకెక్కడా ఉండేది కాదు. 1912లో గొర్రెలు కాసుకునే ఒకాయన కొన్నిటిని జలపాతం పైకి మోసుకెళ్లి వదిలాడు. ఆ తర్వాత జలపాతం కింద జనం వేరే ట్రౌట్లు వేస్తే అసలు చేప సంకరమైపోయింది, పైన వదిలినవే మిగిలాయి. కోర్టు కేసులు, మందు పెట్టి సంకరం చేపల్ని తీసేయడం, ఇలా ఏళ్లకేళ్లు పట్టి 2019లో వాటిని మళ్లీ సొంత నీళ్లలోకి దింపారు. కాబట్టి చేపని ఒకచోటి నుంచి ఇంకోచోటికి తీసుకుపోవడమే పాపమని నేను అనడంలేదు. ఏది ఎక్కడిదో రాసిపెట్టుకోకుండా కలిపేయడంతోనే గొడవంతా.

ఇంకో అపోహ కూడా ఉంది, మేం పట్టిన ప్రతిదాన్నీ వదిలేస్తామని. కాదు. ఎల్లోస్టోన్ నేషనల్ పార్కు సరస్సులో అక్కడి సొంత కట్‌త్రోట్ పడితే తప్పకుండా వదిలేయాలి, లేక్ ట్రౌట్ పడితే తప్పకుండా చంపేయాలి, రెండూ రూలే. ఎవరో దొంగచాటుగా వేసిన లేక్ ట్రౌట్ 1994లో అక్కడ బయటపడింది. కట్‌త్రోట్ ఎగువ వాగుల్లోకి వచ్చి గుడ్లు పెడుతుంది, ఎలుగుబంట్లకి, గద్దలకి, నీటి కుక్కలకి అందుతుంది. లేక్ ట్రౌట్ సరస్సు అడుగున ఉంటుంది, ఎవరికీ అందదు, పైగా కట్‌త్రోట్లని మింగుతుంది. అందుకని పార్కువాళ్లే వలలు వేసి లక్షల కొద్దీ తీసేస్తున్నారు. నేను కూడా సియెర్రాలో బ్రూక్ ట్రౌట్ పడితే శుభ్రంగా ఉప్పూ కారం పసుపు రాసి పెనం మీద వేయించుకుంటాను. అది ఈ దేశానికి తూర్పు తీరపు చేప, ఇక్కడ దానికి పనిలేదు. ఈ మాట విన్నాక అమ్మ కొంచెం శాంతించింది.

మన తెలుగు వాగుల్లో ట్రౌట్ లేదు, మన నీళ్లు దానికి చాలా వేడి. ఊటీ దగ్గర అవలాంచిలో బ్రిటిష్‌వాళ్లు పెట్టిన హేచరీ చూడ్డానికి పోతుంటారు, ఆ రెయిన్‌బో ట్రౌట్ ఈ అమెరికా పడమటి తీరపు చేపే. కాలిఫోర్నియాలోని మెక్‌క్లౌడ్ నది పక్కన 1870ల్లో గుడ్లు తీసే కేంద్రాలు మొదలయ్యాయి, అలా బయల్దేరిన రకం ఇవాళ అంటార్కిటికా తప్ప అన్ని ఖండాల్లోనూ ఉంది. మనకి దగ్గరి ఉదాహరణ కావేరి. అక్కడ నారింజ రంగు రెక్కలతో, మూపురంతో మహసీర్ అనే పెద్ద చేప ఉండేది. దేశీ చేపే కదా అని లోనావాలా హేచరీలో పెంచిన నీలిరెక్కల మహసీర్‌ని తెచ్చి ఏళ్లతరబడి కావేరిలో వదిలారు. అందరూ మహసీర్ బాగా పెరుగుతోందని సంబరపడ్డారు. పెరిగింది తెచ్చినది, తగ్గిపోయింది అక్కడిది. 2018లో మూపురం మహసీర్‌ని పూర్తిగా అంతరించే ప్రమాదంలో ఉన్న చేపల జాబితాలో చేర్చారు. ఈ సంగతి బయటపడింది ఎలాగో తెలుసా? కావేరి ఒడ్డున క్యాంపుల్లో పట్టి వదిలేసేవాళ్లు ఏ రోజు ఏ రంగు చేప ఎంత బరువుది పడిందో పుస్తకాల్లో రాసుకున్నారు, ఆ లెక్కలు తిరగేస్తే తేలింది. కూరొండుకున్నవాళ్లు ఎవరూ రాసుకోలేదు మరి. అమ్మా, "ఒడ్డున కూచుని చూసొస్తే పోయేదిగా" అన్నావు కదా, దానికి జవాబిది. ఒడ్డు మీద నుంచి చూస్తే రెక్క రంగు కనపడదు.

మన చెరువుల్లో ఇప్పుడు ఏమున్నాయో ఒకసారి చూడండి. తిలాపియా లేని కాలవ లేదు. అక్వేరియంలో పెంచి విసుగొచ్చి పారేసిన దెయ్యం చేప వలలు చింపేస్తోంది. నిషేధం ఉన్నా ఆఫ్రికన్ క్యాట్‌ఫిష్ చెరువులు పట్టుబడిన వార్తలు మీ జిల్లా పేజీల్లోనే వస్తుంటాయి, దాన్ని సంతలో మార్పు అని అమ్మేస్తారు, అసలు మార్పు తిన్నవాళ్లు తగ్గిపోయారు కాబట్టి చెల్లిపోతోంది. నాయకులు బకెట్లతో చేపపిల్లల్ని చెరువులో వంచే ఫొటో ఏటా వేస్తారు కదండీ, ఈసారి దాని కింద ఒక్క లైను కలపండి, అందులో ఏ రకాలున్నాయి, ఏ హేచరీవి, ఆ చెరువు మత్తడి పోస్తే నీళ్లు ఏ వాగులోకి పోతాయి అని. బొచ్చె, శీలావతి వెయ్యొద్దని కాదు, జాలర్ల బతుకుతెరువు అది, నేను కాలిఫోర్నియాలో కూచుని వద్దనడానికి నోరెలా వస్తుంది. పిల్లల్ని వదిలేముందు అక్కడ ఏమున్నాయో ఎవరైనా రాసుకున్నారా అని మాత్రమే నా ప్రశ్న.

రాసుకోవడానికి పేర్లు కూడా ఉండాలి కదా. మొన్న ఫోన్లో అమ్మ చేత చెప్పించి రాసుకున్నాను: కొరమీను, మట్టగిడస, బొమ్మిడాయి, ఇంగిలాయి, జెల్ల, వాలుగ, చేదు పరిగె, ఇంకో మూడు నాలుగు. కొన్నిటికి పేరు గుర్తుంది గానీ చేప ఎలా ఉంటుందో గుర్తు రావట్లేదంది. మీ పాఠకుల్లో పాపికొండల వైపు, మన్యం వాగుల వైపు వాళ్లు ఉంటారు, అక్కడి రాళ్ల వాగుల్లో చిన్నచిన్న చేపలకి వాళ్లు ఏమని పిలుచుకుంటారో మీ పత్రికకి రాస్తే నాలాంటివాళ్లం దాచుకుంటాం.

నా సంగతికొస్తే, నాలుగేళ్లలో ఆరింటికి మూడే అయ్యాయి. మల్కీ క్రీక్ చేప ఫొటో ఇంకా పంపలేదు. చేపని నీళ్లలోంచి ఎత్తకుండా ఒంటి చేత్తో తీశాను కాబట్టి అందులో నా బొటనవేలు, నీటి మీద ఎండ మెరుపు, తోక దగ్గర కాస్త బంగారం రంగు తప్ప ఏమీ కనపడట్లేదు. పెద్దాయన చూసి, ఇది వాళ్లు ఒప్పుకోరు, వచ్చే ఆగస్టులో మళ్లీ పోదాం అన్నాడు. మా ఆవిడని ఇంకా అడగలేదు.

ఇట్లు,
కోనసీమ లంకలో పుట్టిన మీ పాఠకుడు,
ఫోల్సమ్, కాలిఫోర్నియా